మనం తొడిగే బట్టలో ఎవరెవరి హక్కులున్నాయి?

నమాజుకు నిలబడే ముందు మనం మన దుస్తుల వైపు ఒకసారి చూసుకుంటాం. ఎక్కడైనా మలినం అంటిందా, సతర్ సరిగా ఉందా అని పరీక్షించుకుంటాం. ఇది మంచి అలవాటు. మన పెద్దలు చిన్ననాటి నుంచే దీన్ని నేర్పారు. అయితే దుస్తుల పరిశుద్ధత ఇంతటితో ముగిసిపోదు. కంటికి కనిపించే మలినం నీళ్ళతో కడిగితే పోతుంది. కంటికి కనిపించని మలినం మరొకటి ఉంది. అది ఎన్ని నీళ్ళు పోసినా పోదు.

సహీహ్ ముస్లింలో హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు మనలో చాలామందికి తెలిసిందే. దూర ప్రయాణం చేసి, జుట్టు చెదిరి, దుమ్ము కొట్టుకుపోయిన ఒక మనిషి ఆకాశం వైపు చేతులెత్తి ప్రభువును వేడుకుంటాడు. కాని అతను తిన్నది హరామ్, తాగింది హరామ్, కట్టుకున్న బట్ట హరామ్. అలాంటి వాని మొర ఎలా ఆలకించబడుతుందని దైవప్రవక్త (స) ప్రశ్నించారు.

ఈ హదీసును మనం సాధారణంగా తిండికే అన్వయించుకుంటాం. మాంసం కొనేటప్పుడు జబహ్ ఎవరు చేశారని అడుగుతాం. బిస్కెట్ ప్యాకెట్ మీద ఏమేం కలిపారో చదువుతాం. కాని దైవప్రవక్త (స) తిండితో పాటు బట్టను కూడా పేర్కొన్నారు. ఆ బట్ట కొన్న డబ్బు హలాల్‌దేనా అన్నది మొదటి ప్రశ్న. ఆ బట్ట తయారైన తీరులో ఎవరి హక్కు అయినా కాజేయబడిందా అన్నది రెండో ప్రశ్న. ఈ రెండో ప్రశ్నను మనం అడగడం చాలా అరుదు. ఈ పాఠంలో దాని గురించే తెలుసుకుందాం.

మష్రూ నేర్పే పాఠం

పురుషులకు పట్టు నిషిద్ధమని మనకు తెలుసు. ఒకప్పుడు మన దేశపు ముస్లిం నేతగాళ్ళ ముందు ఈ ఆదేశం ఒక చిక్కు ప్రశ్నగా నిలిచింది. బట్టకు మెరుపు ఉండాలి, ధర్మం మీరకూడదు. దీనికి వారు మగ్గం మీదనే జవాబు కనుగొన్నారు. పడుగుకు పట్టు పోగులు, పేకకు నూలు పోగులు వాడి ఒక ప్రత్యేకమైన నేతను రూపొందించారు. అందులో పట్టు పైవైపున మెరుస్తుంది. ఒంటికి తగిలే లోపలి వైపున నూలు ఉంటుంది. ఈ బట్టకు మష్రూ అని పేరు. షరీఅత్ అనుమతించినది అని ఆ మాటకు అర్థం చెబుతారు. పడుగు పట్టుదైనా పేక వేరే నూలుదైతే పురుషులు ధరించవచ్చన్న అభిప్రాయం హనఫీ ఫిఖ్‌లో ఉంది. గుజరాత్‌లోని పాటన్, మాండ్వీ ప్రాంతాలలో మష్రూ నేత నేటికీ ఉంది. పట్టును, నూలును కలిపి నేసే హిమ్రూ బట్ట నిజాం కాలంలో హైదరాబాద్ సంస్థానంలో భాగంగా ఉన్న ఔరంగాబాద్‌లో పేరు పొందింది.

ఇందులో మనం గ్రహించవలసిన విషయం ఒకటుంది. ఆ నేతగాళ్ళు బట్ట నేసి, అమ్మి, లాభం లెక్కపెట్టుకున్నాక ఇది హలాలా అని అడగలేదు. మగ్గానికి పడుగు ఎక్కించక ముందే హలాల్‌ను లెక్కలోకి తీసుకున్నారు. ధర్మం వారికి అడ్డంకి కాలేదు. ధర్మమే ఒక కొత్త నేతను పుట్టించింది.

నేడు దుస్తుల రంగంలో నైతికత గురించి, పర్యావరణానికి హాని చేయని ఉత్పత్తి గురించి ప్రపంచమంతా మాట్లాడుతోంది. కాలేజీల్లో పాఠాలుగా చెబుతున్నారు. విశ్వాసులమైన మనకు ఇది కొత్త పాఠం కాదు. హక్కుల్ ఇబాద్ అంటే సాటి మనుషుల హక్కులు అనే పాత పాఠమే మరో రూపంలో మన ముందుకు వచ్చింది. ఒక చొక్కా మీద కనీసం నలుగురికి హక్కు ఉంటుంది. పండించిన రైతుకు, రంగు నీళ్ళు పారే నది ఒడ్డున బతికే ప్రజలకు, కుట్టిన కార్మికునికి, చివరగా కొనుక్కునే వ్యక్తికి. ఒక్కొక్కరి హక్కును గురించి తెలుసుకుందాం.

మొదటి హక్కు: పత్తి రైతుది

నూలు బట్ట పత్తి చేనులో పుడుతుంది. వరంగల్, ఆదిలాబాద్, గుంటూరు, కర్నూలు ప్రాంతాల వారికి ఈ విషయం ఎవరూ చెప్పనక్కర లేదు. తెల్ల బంగారమని పేరున్న ఈ పంట ఎన్ని ఇళ్ళను నిలబెట్టిందో, అన్ని ఇళ్ళను అప్పుల పాలు చేసింది. 1997-98లో వరంగల్ జిల్లాలో పురుగు సోకి పత్తి పోయినప్పుడు, మందుల కోసం చేసిన అప్పులు తీర్చలేక ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పురుగును చంపడానికి తెచ్చిన మందునే తాగి చనిపోయిన వారు వారిలో ఉన్నారు. 2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. శనగపచ్చ పురుగు బెడద మొదట్లో తగ్గింది గాని, తర్వాతి కాలంలో గులాబీ పురుగు దానికి తట్టుకుని నిలబడింది. రైతు చేతిలోని మందు డబ్బా కిందికి దిగలేదు.

పత్తికి నీరు కూడా చాలా కావాలి. ఒక్క టీషర్టుకు సరిపడే పత్తి పండి, బట్టగా మారడానికి సుమారు 2,700 లీటర్ల నీరు పడుతుందని ఒక అంచనా. తెలంగాణలో చాలావరకు పత్తి వర్షాధారంగానే పండుతుంది. అలా కాక నదులను మళ్ళించి పత్తి పండించిన చోట ఏమయిందో చూడాలంటే మధ్య ఆసియాకు వెళ్ళాలి. ఇమామ్ బుఖారీ (రహ్మ) పుట్టిన గడ్డ అయిన నేటి ఉజ్బెకిస్తాన్, దాని పొరుగునున్న కజకిస్తాన్‌ల మధ్య అరల్ సముద్రం ఉండేది. ఒకప్పుడు అది ప్రపంచంలో నాలుగో అతి పెద్ద సరస్సు. సోవియట్ పాలకులు 1960ల నుంచి అమూ దర్యా, సిర్ దర్యా నదుల నీటిని పెద్ద ఎత్తున పత్తి చేలకు మళ్ళించారు. 2007 నాటికి ఆ సరస్సు తన పూర్వ విస్తీర్ణంలో పదోవంతుకు కుంచించుకుపోయింది. మొయ్నాక్ అనే ఒకప్పటి రేవు పట్టణంలో ఇప్పుడు ఓడలు ఇసుకలో తుప్పు పట్టి నిలబడి ఉన్నాయి. ఎండిన అడుగు నుంచి ఉప్పు, పురుగు మందులు కలిసిన దుమ్ము లేచి ఊళ్ళ మీద పడుతోంది.

అదే ఉజ్బెకిస్తాన్‌లో పత్తి ఏరడానికి విద్యార్థులను, ఉపాధ్యాయులను, వైద్య సిబ్బందిని సైతం ఏటా బలవంతంగా చేలకు పంపేవారు. ప్రపంచంలోని అనేక దుస్తుల కంపెనీలు ఆ పత్తిని కొనబోమని ఏళ్ళ తరబడి పట్టుబట్టాయి. అక్కడి ప్రభుత్వం దిగివచ్చి సంస్కరణలు చేసింది. వ్యవస్థాగతమైన నిర్బంధ చాకిరీ ముగిసిందని 2022లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రకటించింది. కొనేవారు ప్రశ్నిస్తే పరిస్థితి మారుతుందనడానికి ఇదొక నిదర్శనం.

రెండో హక్కు: నది ఒడ్డు ప్రజలది

హజ్రత్ సఅద్ (రజి) వుజూ చేస్తుండగా నీటి వృథా గురించి దైవప్రవక్త (స) హెచ్చరించారని, పారే నది ఒడ్డున ఉన్నా వృథా వృథాయేనని బోధించారని ఇబ్నె మాజాలో ఉంది. ఆరాధన కోసం వాడే నీటికే ఇంత లెక్క ఉంటే, బట్టకు అందం కోసం వాడి పాడుచేసే నీటికి లెక్క ఉండదా?

తమిళనాడులోని తిరుప్పూరు బనియన్లకు, టీషర్టులకు పేరు. మన ఇళ్ళలోని లోదుస్తులు చాలావరకు అక్కడి నుంచి వచ్చినవే. ఆ పట్టణం మీదుగా నొయ్యల్ నది పారుతుంది. ఏళ్ళ తరబడి అక్కడి అద్దకం, బ్లీచింగ్ యూనిట్లు రంగు నీళ్ళను, ఉప్పు నీళ్ళను ఆ నదిలోకి వదిలాయి. దిగువన సాగు కోసం కట్టిన ఒరత్తుపాలయం ఆనకట్ట ఆ మురికికి నిలయమైంది. రైతుల బావులు చెడిపోయాయి. పంటలు పోయాయి. రైతులు కోర్టుకు వెళ్ళారు. చివరకు 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు 700కు పైగా యూనిట్లను మూసివేయమని ఆదేశించింది. ఒక్క చుక్క మురుగునీరు కూడా బయటికి వదలకుండా, శుద్ధి చేసి మళ్ళీ వాడుకునే ఏర్పాటు ఉన్నవారే పని మొదలుపెట్టాలని షరతు పెట్టింది. దాంతో వేలాది కార్మికులు కొంతకాలం పని కోల్పోయారు. ముందుగానే ఆ ఏర్పాటు చేసుకుని ఉంటే రైతు నష్టపోయేవాడు కాదు, కార్మికుడూ నష్టపోయేవాడు కాదు.

తాను నష్టపడకూడదు, ఇతరులను నష్టపరచకూడదు అన్నది దైవప్రవక్త (స) బోధించిన ఒక మూల సూత్రం. ఫిఖ్ పండితులు దీని మీద ఎన్నో తీర్పులు నిర్మించారు. పొరుగువాని బావి చెడగొట్టే హక్కు ఎవరికీ లేదు. ఆ పొరుగువాడు వందల మైళ్ళ దూరంలో ఉన్నంత మాత్రాన ఈ సూత్రం మారదు.

మూడో హక్కు: కుట్టే చేతులది

2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్ రాజధాని ఢాకా దగ్గర సావర్‌లో రాణా ప్లాజా అనే ఎనిమిది అంతస్తుల భవనం కూలిపోయింది. అందులో ఐదు దుస్తుల కర్మాగారాలు ఉన్నాయి. కనీసం 1,134 మంది చనిపోయారు. సుమారు 2,500 మంది గాయపడ్డారు. వారిలో ఎక్కువమంది యువతులు, మన సోదరీమణులు. అంతకు ముందు రోజే భవనానికి పగుళ్ళు కనిపించాయి. కింది అంతస్తుల్లోని బ్యాంకు, దుకాణాలు మూసేశారు. కుట్టుపని చేసే వారిని మాత్రం మర్నాడు పనికి రమ్మన్నారు. ఆర్డరు గడువు దాటకూడదన్నది కారణం. అప్పటికి అక్కడి దుస్తుల కార్మికుల కనీస వేతనం నెలకు 3,000 టాకాలు.

ఈ కర్మాగారాల యజమానులలో ముస్లింలు ఉన్నారు, కార్మికులలో ముస్లింలు ఉన్నారు. కాబట్టి ఇది పరాయివారి సంగతని మనం తప్పుకోలేం. మీ దగ్గర పనిచేసేవారు మీ సోదరులు, మీరు తినేదే వారికి తినిపించాలి, మీరు తొడిగేదే వారికి తొడిగించాలి, శక్తికి మించిన పని వారి మీద మోపకూడదు, మోపితే తోడు నిలవాలి అన్న భావం గల హదీసును హజ్రత్ అబూ జర్ర్ (రజి) ఉల్లేఖించారు. అది బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. ఒక మనిషిని కూలికి పెట్టుకుని, పని పూర్తిగా చేయించుకుని, కూలి ఇవ్వని వానికి ప్రళయదినాన స్వయంగా తానే ప్రతివాదిగా నిలుస్తానని అల్లాహ్ ప్రకటించినట్లు బుఖారీలో ఉంది. అల్లాహ్ ప్రతివాదిగా నిలిచిన కేసులో మనం ఏ వకీలును పెట్టుకోగలం?

రాణా ప్లాజా తర్వాత 2013 మే నెలలో అనేక కంపెనీలు కార్మిక సంఘాలతో ఒక ఒప్పందం కుదుర్చుకున్నాయి. భవనాల తనిఖీ, మంటల నుంచి రక్షణ, అపాయం ఉంటే పని నిరాకరించే హక్కు వంటివి అందులో ఉన్నాయి. చట్టబద్ధంగా కట్టుబడి ఉండే ఈ ఒప్పందం వల్ల వందలాది కర్మాగారాలలో మరమ్మతులు జరిగాయి. బాధిత కుటుంబాల సహాయ నిధి పూర్తి కావడానికి మాత్రం 2015 దాకా పట్టింది.

మన దేశం సంగతి చూద్దాం. తమిళనాడులోని కొన్ని నూలు మిల్లులలో సుమంగళి పథకం పేరుతో పేద ఇళ్ళ ఆడపిల్లలను మూడేళ్ళ ఒప్పందం మీద తీసుకుని, చివర్లో పెళ్ళి ఖర్చుకు మొత్తంగా డబ్బు ఇస్తామని చెప్పేవారు. హాస్టల్ గోడలు దాటనివ్వకపోవడం, ఒప్పందం మధ్యలో జబ్బుపడి వెళ్ళిపోతే మొత్తం ఎగవేయడం వంటి ఫిర్యాదులు ఎన్నో వచ్చాయి. వరకట్నం అనే దురాచారం ఒక ఆడపిల్లను ఎక్కడికి నెడుతుందో ఇందులో కనిపిస్తుంది.

ఇక మన వీధికి వద్దాం. హైదరాబాద్ పాతబస్తీలోనూ, అనేక పట్టణాలలోనూ మన సోదరీమణులు ఇంటి దగ్గరే మగ్గం వర్క్, జర్దోజీ పని చేస్తారు. పీసు లెక్కన కూలి. ఒక పెళ్ళి దుపట్టా మీద రోజుల తరబడి కళ్ళు పొడుచుకుని పనిచేస్తే, షోరూంలో దాని ధర వేలల్లో పలుకుతుంది. మధ్యవర్తుల వాటాలు పోగా ఆ సోదరి చేతికి వచ్చేది చాలా కొద్ది. నికాహ్ బట్టలు బేరమాడి వంద రూపాయలు తగ్గించుకున్నామని మనం సంతోషిస్తాం. ఆ వంద ఎవరి వాటా నుంచి తగ్గిందో ఆలోచించం.

రమజాన్ చివరి పది రోజులలో టైలర్ల పరిస్థితి చూడండి. మనం ఇరవయ్యో రోజాకు బట్ట తీసుకెళ్ళి ఇరవై ఏడుకల్లా కావాలంటాం. ఆ షాపులో కుట్టేవారు తరావీహ్ కూడా వదులుకుని తెల్లవార్లూ మిషన్ తొక్కుతారు. వారికి షబెఖద్ర్ అక్కర లేదా? కుట్టుకూలి పండుగ తర్వాత ఇస్తామంటాం. చెమట ఆరక ముందే కూలి ఇవ్వాలన్న హదీసును అదే నెలలో మసీదులో విని ఉంటాం. బట్టలు షాబాన్ నెలలోనే ఇస్తే, కూలి వెంటనే చెల్లిస్తే ఎవరికీ కష్టం ఉండదు. నైతికమైన దుస్తుల ఉత్పత్తి అన్నది ఢాకాలోనే కాదు, మన వీధి మలుపులోని కుట్టుమిషన్ దగ్గర కూడా మొదలవుతుంది.

నాలుగో హక్కు: కొనేవారిది

బజారులో ధాన్యపు రాశిలోకి చేయి పెట్టి లోపల తడిని గుర్తించిన దైవప్రవక్త (స), ఆ తడిసిన ధాన్యాన్ని అందరికీ కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని వ్యాపారిని నిలదీశారు. మోసగించేవాడు తనవాడు కాదన్నారు. బట్టల వ్యాపారంలో తడి ధాన్యానికి కొదవ లేదు.

మచిలీపట్నం, పెడన ప్రాంతాల కలంకారీ సంగతే తీసుకుందాం. కలం, కారీ అన్నవి పారశీక పదాలు. కుతుబ్‌షాహీల కాలంలో ఈ బట్టకు పర్షియాలో ఎంతో గిరాకీ ఉండేది. అసలు పద్ధతిలో బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీటిలో ముంచి ఆరబెడతారు. ఇనుప ముక్కలు, బెల్లం కలిపి రోజుల తరబడి ఊరబెట్టి నల్లరంగు తీస్తారు. ఎరుపు కోసం పటిక అద్ది ఉడకబెడతారు. చెక్క అచ్చులతో ఒక్కో రంగు విడిగా వేస్తారు. ఇంత శ్రమతో వచ్చిన బట్ట పక్కనే, మిషన్ మీద రసాయన రంగులతో అచ్చు వేసిన బట్టను కూడా కలంకారీ అనే పేరుతోనే అమ్ముతారు. మిషన్ బట్ట అమ్మడం తప్పు కాదు. దాన్ని చేతి పని అని చెప్పడం తప్పు. ఆ అబద్ధం కొనేవాణ్ణి మోసగిస్తుంది, అచ్చు వేసే కళాకారుని కూడు కూడా లాక్కుంటుంది.

ఇలాంటి మోసాన్ని అరికట్టడానికి కొన్ని గుర్తులు ఉన్నాయి. చేనేత బట్టకు 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్, 2015లో వచ్చిన ఇండియా హ్యాండ్లూమ్ బ్రాండ్ మన దేశపు గుర్తులు. ప్రాంతీయ కళలకు భౌగోళిక గుర్తింపు ఇస్తారు. ఒకప్పుడు అరబ్బు దేశాలకు ఎగుమతి అయిన తేలియా రుమాలుకు పుట్టపాక పేరుతో 2020లో ఆ గుర్తింపు వచ్చింది. సేంద్రియ పత్తికి గాట్స్ అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. కనీసం 70 శాతం సేంద్రియ నార ఉంటేనే ఆ ముద్ర ఇస్తారు. రంగులు, మురుగునీరు, కార్మికుల పరిస్థితి కూడా అందులో పరిశీలిస్తారు. పచ్చ రంగు ఆకు బొమ్మ వేసి, ప్రకృతికి మేలు అని రాసుకున్నంత మాత్రాన నమ్మనక్కర లేదు. ఏ ప్రమాణం, ఎవరు తనిఖీ చేశారని అడగాలి.

డిజైన్ నేర్చుకునే పిల్లలకు

నేడు మన అమ్మాయిలు, అబ్బాయిలు ఎందరో ఫ్యాషన్ డిజైనింగ్ నేర్చుకుంటున్నారు. 1995 నుంచి హైదరాబాద్‌లో నిఫ్ట్ ఉంది. చిన్న పట్టణాల్లో కూడా టైలరింగ్ శిక్షణ కేంద్రాలు ఉన్నాయి. ఇది గౌరవప్రదమైన విద్య. హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం)కు అల్లాహ్ యుద్ధ కవచాల తయారీ నేర్పాడు. సబా సూరాలో ఆ ప్రస్తావన వచ్చిన చోట, వలయాల కొలత సరిగా ఉంచమన్న ఆదేశం, సత్కార్యాలు చేయమన్న ఆదేశం పక్కపక్కనే ఉన్నాయి. కొలత, సత్కార్యం విడివిడి విషయాలు కావని మనకు దీన్నిబట్టి అర్థమవుతుంది.

కత్తెర పట్టేవారు ఈ సంగతులు గుర్తుంచుకుంటే మేలు.

మొదటిది, బట్ట వృథా కాకుండా కత్తిరించడం. కర్మాగారాలలో కత్తిరించే బల్ల మీదనే సాధారణంగా పది నుంచి పదిహేను శాతం బట్ట ముక్కలుగా పోతుంది. మన తాతల నాటి కుర్తాను విప్పి చూడండి. ముందు, వెనుక నిలువు చదరాలు, పక్కల కలీలు, చంక కింద చౌబగ్లా అనే చిన్న చదరపు ముక్క. అన్నీ తిన్నని గీతలే. బట్టలో పారేసేది దాదాపు ఏమీ ఉండదు. పైగా ఆ చౌబగ్లా వల్ల చేయి సులువుగా ఆడుతుంది, చంక దగ్గర బట్ట చిరగదు. పొదుపు, సౌకర్యం, మన్నిక మూడూ ఒక్క ముక్కలో ఇమిడ్చారు ఆ దర్జీలు.

రెండోది, పెంచుకోవడానికి వీలుగా కుట్టడం. లోపల బట్ట వదిలి కుడితే పిల్ల ఎదిగినప్పుడు కుట్టు విప్పి వదులు చేయవచ్చు. ఒక గౌను రెండు పండుగలకు వస్తుంది.

మూడోది, బట్ట ఎంపిక. నేడు ప్రపంచంలో తయారయ్యే నారలో సగానికి పైగా పాలిస్టరే. బురఖాలు కూడా చాలావరకు పాలిస్టర్‌వే. అది పెట్రోలియం నుంచి వచ్చిన ప్లాస్టిక్. ఉతికిన ప్రతిసారీ కంటికి కనిపించని పోగులు నీటిలో కలుస్తాయి. పాలిస్టర్ హరామ్ అని మనం అనడం లేదు. త్వరగా ఆరుతుంది, చాలాకాలం మన్నుతుంది. ఆ మన్నికను పూర్తిగా వాడుకోవాలి. రెండు నెలలకో కొత్త రకం బురఖా మార్చడానికి అది వంక కాకూడదు.

నాలుగోది, ధర లెక్క కట్టేటప్పుడు కూలిని మొదట రాయడం. చాలామంది అమ్మకపు ధర నిర్ణయించి, బట్ట ఖర్చు, లాభం తీసేసి, మిగిలినది కూలి అంటారు. ఈ వరుసను తిరగరాయాలి.

మన ఇంట్లో ఏం చేయాలి?

ఇవన్నీ డబ్బున్న వారి మాటలు, సేంద్రియ బట్ట కొనే స్తోమత మాకెక్కడిది అని కొందరు అనవచ్చు. ఆ మాటలో నిజం ఉంది. చౌక బట్ట కొనే పేద కుటుంబాన్ని మనం నిందించకూడదు. అసలు పేద ఇంటి అలవాట్లలోనే ఈ పాఠం ఎక్కువగా బతికి ఉంది. అన్న చొక్కా తమ్మునికి, అమ్మ చీర బొంతకు, చివరి ముక్క మసిగుడ్డకు. నష్టం ఎక్కువగా చేసేది అవసరానికి మించి కొనే ఇళ్ళు. అలాంటి ఇళ్ళు మనలోనూ పెరుగుతున్నాయి.

మనిషి నగ్నత్వాన్ని కప్పడానికి, అలంకరణకు దుస్తులను అల్లాహ్ అనుగ్రహించాడని, అన్నిటికన్నా ఉత్తమమైనది దైవభీతి అనే వస్త్రమని ఆరాఫ్ సూరా బోధిస్తోంది. కొన్ని ఆయతుల తర్వాత, అదే సూరాలో, ఆరాధనా వేళ అలంకరణ చేసుకోవాలన్న ఆదేశం, మితిమీరరాదన్న ఆదేశం ఒకే ఆయతులో కలిసి వచ్చాయి. కనుక మంచి బట్ట కట్టుకోవడం తప్పు కాదు. ఇస్రాఫ్ తప్పు. దైవప్రవక్త (స) తమ బట్టలు తామే కుట్టుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్న రోజుల్లో ఆయన భుజాల మధ్య అతుకులు చూశానని హజ్రత్ అనస్ (రజి) చెప్పిన మాట మువత్తాలో ఉంది. అతుకు వేసుకుంటే పరువు పోతుందనుకునే మనం ఈ సంగతిని మననం చేసుకోవాలి.

కొత్త బట్ట కొనే ముందు, ఉన్నదాన్ని బాగుచేసుకోవచ్చా అని చూడాలి. కొంటే కనీసం కొన్ని ఏళ్ళు కడతామా అని ఆలోచించాలి. వీలైతే ఒక్క జత అయినా చేనేతది కొనాలి. వాడిన బట్టలు బాగున్నప్పుడే, ఉతికి, గుండీలు కుట్టి ఇవ్వాలి. మనం తీసుకోవడానికి ఇష్టపడని దాన్ని దానంగా ఇవ్వరాదని బఖరా సూరా 267వ ఆయతు హెచ్చరిస్తోంది. కట్టడానికి పనికిరానివి స్టీలు సామాన్ల వారికి వేయవచ్చు. హర్యానాలోని పానిపట్టులో పాత ఉన్ని బట్టలను రంగుల వారీగా వేరుచేసి, చించి, మళ్ళీ నూలు తీసి కంబళ్ళు నేస్తారు. చెత్తలో పడేస్తే మాత్రం ఆ దారులన్నీ మూసుకుపోతాయి. దక్షిణ అమెరికాలోని చిలీ దేశపు అటకామా ఎడారిలో, సంపన్న దేశాలు వదిలించుకున్న బట్టలు గుట్టలుగా పడి ఉన్నాయి. వాటిలో ఒక్కసారి కూడా తొడగనివి ఉన్నాయి. పత్తి చేను, నది, కుట్టే చేతులు అన్నీ కలిసి చేసిన కష్టం అక్కడ ఇసుకలో పడి ఉంది.

పిల్లలతో కూర్చుని ఈ ప్రశ్నలు చర్చించండి

1. మన బీరువాలో ఈ ఏడాది ఒక్కసారి కూడా తొడగని బట్టలు ఎన్ని ఉన్నాయి? అవి ఎవరికి పనికొస్తాయి?
2. మష్రూ నేతగాళ్ళు హలాల్ సంగతి ఎప్పుడు ఆలోచించారు? మనం ఎప్పుడు ఆలోచిస్తున్నాం?
3. మన టైలర్‌కు, మగ్గం వర్క్ చేసే సోదరికి మనం బాకీ ఏమైనా ఉన్నామా?
4. ఈసారి ఈద్ బట్టలు ఏ నెలలో కుట్టడానికి ఇద్దాం?

మూడో ప్రశ్నకు జవాబు ఉంది అని వస్తే, ఈ పత్రిక పక్కన పెట్టి ముందు ఆ బాకీ తీర్చి రండి. సాటి మనిషి హక్కును అతను క్షమిస్తే తప్ప పరలోకంలో మాఫీ ఉండదు. అక్కడ చెల్లింపు నోట్లలో జరగదు, మన నమాజులు, రోజాల పుణ్యంతో జరుగుతుంది.

ఎవరి కన్నీరూ అంటని, ఎవరి చెమటా బాకీపడని శుద్ధమైన దుస్తులలో తన ముందు నిలబడే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.